క్యారేజీ బాంబు నాంచారయ్య మీద నేను రాసిన రెండు రిపోర్టులు

ఈ మధ్య కొత్తగా ఉద్యోగంలో చేరిన ఇద్దరమ్మాయిలు బందరులో మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చారు. కాఫీ తాగారు, మా కుక్కకి భయపడ్డారు, చివరికి అసలు సంగతి చెప్పారు.

"మేడం, మీ దగ్గర రిపోర్టు ఫార్మాట్ ఏదైనా ఉంటే ఇస్తారా? పేర్లు మార్చి వాడుకుంటాం."

వాళ్లని ఉత్త చేతులతో పంపించేశాను. తర్వాత పాపమనిపించింది. అందుకే ఇది రాస్తున్నాను.

నేను ప్రొబేషన్ ఆఫీసరుగా పనిచేసి రిటైరయ్యాను. కొత్తగా ఉద్యోగంలో చేరినవాళ్లకి ప్రొబేషన్ పీరియడ్ ఉంటుంది కదా, ఆ కాగితాలు చూసే ఆఫీసరునని పెళ్లయిన కొత్తలో మా ఆయనే అనుకున్నారు. కాదు. నేరం రుజువైన మనిషికి శిక్ష ఎంత వేయాలో తేల్చేముందు, ఈ మనిషి ఎవరు, ఎలా పెరిగాడు, ఇలా ఎందుకు చేశాడు అని కోర్టు అడుగుతుంది. ఆ ఇంటికీ ఊరికీ వెళ్లి కనుక్కుని రాసి ఇచ్చే పని నాది. పోలీసులు వాడేం చేశాడో రాస్తారు. మేం వాడెవడో రాయాలి. మాది చాలా కష్టమైన పని, కానీ జీపు మాత్రం వాళ్లకే ఇచ్చారు.

పరంధామయ్య గారి పేరా

నా మొదటి బాస్ పరంధామయ్య గారు. మనిషి మంచివారు. కుర్చీలోంచి లేవకుండా జిల్లా మొత్తాన్నీ విచారించేవారు. ఆయన దగ్గర ఒక పేరా ఉండేది. "ముద్దాయి పేద కుటుంబమున జన్మించెను. తండ్రి మద్యపాన వ్యసనపరుడగుటచే సరైన అదుపాజ్ఞలు లేక చెడు సావాసములకు లోనయ్యెను. పశ్చాత్తాపము కలదు." దొంగతనానికీ ఇదే, కొట్లాటకీ ఇదే, కల్తీ నెయ్యికీ ఇదే.

నేను చేరిన కొత్తలో ఉయ్యూరు నుంచి ఒక కేసు వచ్చింది. టైర్ల దుకాణంలో పనిచేసే ఒకతను యజమాని మోటార్ సైకిల్ తీసుకెళ్లి అమ్మేశాడు. పరంధామయ్య గారు పేరా రాసి, నాచేత సంతకం పెట్టించి, ఆరోజు సెలవు పెట్టారు. కోర్టులో జడ్జి గారు రిపోర్టు పైకి చదివారు. "తండ్రి మద్యపాన వ్యసనపరుడు" అనగానే వెనక బెంచీలోంచి తెల్ల చొక్కా పెద్దాయన ఒకరు బైబిలు పట్టుకుని లేచి నిలబడ్డారు.

"అయ్యా, ఆ తండ్రిని నేనేనండి. పాస్టర్నండి. పెళ్లయిన దగ్గర్నుంచీ మద్యపానానికి వ్యతిరేకంగానే ప్రసంగాలు చేస్తున్నానండి."

జడ్జి గారు కళ్లద్దాలు తీసి నా వైపు చూశారు. "మీరు వీరింటికి వెళ్లారా అమ్మా?"

"లేదండీ."

"మరి ఎక్కడికి వెళ్లారు?"

"ఎక్కడికీ వెళ్లలేదండీ."

ఆ పాస్టరు గారు మా నాన్నకి బాగా తెలిసిన మనిషని తర్వాత తెలిసింది. ఆ ఆదివారానికల్లా నేను మా ఊరి చర్చిలో ప్రార్థన అంశమైపోయాను. 'మన విమల గ్రేస్ అబద్ధ సాక్ష్యం నుండి విడుదల పొందులాగున' అని పెద్దలందరూ కళ్లు మూసుకున్నారు. నేను మాత్రం తెరుచుకున్నాను. అప్పట్నుంచి సర్వీసు అయిపోయేదాకా, ఇల్లు చూడకుండా, కన్నవాళ్లతో మాట్లాడకుండా ఒక్క రిపోర్టూ రాయలేదు.

వెళ్లి చూస్తే చాలు, నిజం తెలిసిపోతుందని చాలా ఏళ్లు అనుకున్నాను. అది కూడా తప్పేనని నాంచారయ్య కేసు నేర్పింది.

పులి పక్కన ఫొటో

కేసు ముందు చెప్తాను. ఒక సోమవారం జిల్లా అధికారులు బందరులో కాకుండా గుడివాడలో ఒక ఆఫీసు హాల్లో కూర్చుని అర్జీలు తీసుకుంటున్నారు. జనం బెంచీల మీద నంబరు చీటీలు పట్టుకుని కూర్చున్నారు. ఒక బెంచీ కింద స్టీలు క్యారేజీ ఒకటి ఉంది. ఎవరిదో అన్నం అనుకున్నారు. ఆ బెంచీ పైనున్న ఏసీ చాలాకాలంగా కారుతోంది. నీళ్లు గోడ వెంట జారి బెంచీ కిందికి వచ్చేవి, అక్కడ ఒక బకెట్ పెట్టేవాళ్లు. ఆరోజు బకెట్ ఎవరో బాత్రూముకి పట్టుకుపోయారు. నీళ్లు గంటసేపు ఆ క్యారేజీ మీదే కారాయి. పదకొండున్నరకి క్యారేజీలోంచి బుస్సుమని పొగ, కాస్త మంట వచ్చాయి. జనం తొక్కుకుంటూ బయటికి పరిగెత్తారు. ఒక ముసలావిడ కాలు కాలింది. పేలాల్సింది పేలలేదు. తడవకపోయి ఉంటే చుట్టుపక్కల నాలుగు బెంచీలవాళ్లు బతికేవాళ్లు కాదని నిపుణుడు కోర్టులో చెప్పాడు. ఏసీ బాగుచేయించనందుకు ఒక ఆఫీసుకి అందరూ దండం పెట్టుకోవడం నేను అప్పుడే చూశాను.

మూడోరోజున నాంచారయ్యని పట్టుకున్నారు. గేటు దగ్గర కెమెరాలో క్యారేజీతో లోపలికి వస్తూ కనిపించాడు. హాల్లో కూడా కెమెరా ఉంది గానీ, అది ఏసీ పరిస్థితిలోనే ఉంది. నాంచారయ్యకి నలభై నాలుగేళ్లు. దివిసీమలో నాగాయలంక దాటాక సముద్రం వైపు చివరి ఊళ్లలో ఒకదానివాడు. సముద్రం మీద చేపల వేటకి వెళ్లే కుటుంబం. ఇతను మాత్రం రొయ్యల చెరువుల మీద మోటార్లు బాగుచేసేవాడు, పెళ్లిళ్లకి మైకు సెట్టు పెట్టేవాడు. టీవీల్లో వారం రోజులు అతనే. విదేశీ శిక్షణ, రహస్య డైరీ, ఉగ్రవాద సంస్థ.

నేరం రుజువైంది. శిక్ష ముందు పూర్వాపరాల రిపోర్టు ఇమ్మని ఫైలు నాకు వచ్చింది. నేను బస్సెక్కాను. చల్లపల్లి, మోపిదేవి, అవనిగడ్డ, నాగాయలంక, అక్కడి నుంచి ఆటో.

విదేశీ శిక్షణ సంగతి ఊళ్లో మొదటి గంటలోనే తేలింది. రొయ్యల మేత కంపెనీ ఒకటి డీలర్లని బ్యాంకాక్ తీసుకెళ్లింది. ఈ ఊరి డీలరుకి బీపీ ఎక్కువై, తన బదులు పాస్‌పోర్టు ఉన్న మనిషి కోసం వెతికాడు. దుబాయ్ వెళ్దామని ఎప్పుడో తీయించుకున్న పాస్‌పోర్టు నాంచారయ్య దగ్గరుంది. నాలుగు రోజులు బ్యాంకాక్‌లో ఆవకాయ, అటుకులు తిని బతికి వచ్చాడు. టీవీలో 'అడవిలో కఠోర శిక్షణ' అని చూపించిన ఫొటో జూలో పులి పక్కన కూర్చుని దిగింది.

డీలరు ఆ ఫొటో తన ఫోనులో చూపించాడు. "చూడండి మేడంగారూ, పులి ఎంత ప్రశాంతంగా ఉందో. మావాడి మొహం చూడండి. వీడు ఉగ్రవాదా అండీ?"

నిజమే. ఆ ఫొటోలో ఎవరైనా అమాయకులున్నారంటే ఒకటి పులి, రెండోది నాంచారయ్య. నాకు నవ్వాగలేదు.

రహస్య డైరీ కూడా అంతే. పేజీల నిండా 'పో 4.10, పా 10.20' అని ఉంటే, పో అంటే పోలీస్ స్టేషన్, పా అంటే పార్లమెంటు అని ఒక ఛానల్ వాళ్లు తేల్చారు. అవి పోటూ పాటూ. సముద్రం ఎప్పుడు పొంగుతుంది, ఎప్పుడు తీస్తుంది అని. ఆ ఊళ్లో ప్రతి ఇంట్లోనూ గోడ మీద రాసి ఉంటాయి. పార్లమెంటుని పేల్చే టైము రోజూ ఎందుకు మారిపోతోందా అని పాపం ఆ ఛానల్ వాళ్లకి అనుమానం రాలేదు.

మహిళా విభాగం అధ్యక్షురాలు

తల్లి వెంకాయమ్మ ఎండుచేపలు ఏరుతూ కనిపించింది. డెబ్బై దాటిన మనిషి, గొంతు మాత్రం వీధి చివరిదాకా వినిపిస్తుంది. నేను ఎవరో చెప్పాను.

"కూకో అమ్మా. నువ్వు నాకంటే చిన్నదానివి గానీ, నేనే ఇప్పుడు పెద్ద పదవిలో ఉన్నా. మహిళా విభాగం అధ్యక్షురాలినంట."

"ఏ మహిళా విభాగం?"

"మావోడి సంఘానికే. దివిసీమ విముక్తి దళం. టీవీలో చెప్తే తెలిసింది. నాతో ఒక్క మాట చెప్పి పెట్టొచ్చు కదమ్మా? ఆళ్ల మావయ్య ఉపాధ్యచ్చుడంట. ఆయన చచ్చిపోయి అయిదేళ్లయింది."

ఇది నిజం. నాంచారయ్య అచ్చు వేయించిన లెటర్‌హెడ్ ఫైలులో ఉంది. అధ్యక్షుడు తనే. ప్రధాన కార్యదర్శి కూడా తనే, ఇంటిపేరు వెనక్కి పెట్టుకున్నాడు. సంఘం ఆశయం దివిసీమని ప్రత్యేక జిల్లా చేయాలని.

"పెళ్లెందుకు చేసుకోలేదు?" అని అడిగాను.

"ఒక సంబంధం కుదిరేదే. పెళ్లికూతురి తండ్రి వివరాలు రాసిచ్చిన కాయితం తీసుకుని, మావోడు అందులో తప్పులన్నీ ఎర్ర పెన్నుతో దిద్ది ఇచ్చాడు. ఆళ్లు మాకిచ్చిన కాఫీ గ్లాసులు కూడా లోపలికి తీసుకెళ్లిపోయారు."

తప్పులు దిద్దడం అతని జబ్బని ఊరంతా చెప్పారు. గోడ మీద సినిమా పోస్టరు దిద్దుతాడు, శుభలేఖలు దిద్దుతాడు. రాత బాగుంటుంది కాబట్టి ఊరందరి అర్జీలూ అతనే రాసేవాడు. అందరివీ పనులయ్యాయి, ఒక్క ఊరి అర్జీ తప్ప. ఆ ఊళ్లో బోరు వేస్తే ఉప్పునీళ్లు. తాగేనీళ్ల ట్యాంకు కట్టారు గానీ, పైపు రాలేదు.

వెంకాయమ్మ నా ముందు ఒక ట్రంకుపెట్టె తెరిచింది. అర్జీల రసీదులు. ఒక్కొక్క అర్జీ ఇవ్వడం, పదిహేను రోజుల్లో ఫోనుకి మెసేజ్ రావడం. 'మీ అర్జీ పరిష్కరించబడింది.' పైపు లేదు. మళ్లీ అర్జీ. 'పరిష్కరించబడింది.' చివరికి, సొంత జిల్లా వస్తేనే నీళ్లొస్తాయని తేల్చుకుని, విముక్తి దళం పేరుతో ఉత్తరం రాశాడు. ఫలానా తేదీలోగా దివిసీమని జిల్లా చేయకపోతే రక్తపాతం తప్పదని. ఆఫీసులో దానికి కూడా నంబరు వేసి, ముద్ర కొట్టి, విషయంలో ఎక్కడో నీళ్ల ప్రస్తావన ఉందని తాగునీటి విభాగానికి పంపించారు. పదిహేను రోజులకి మెసేజ్ వచ్చింది.

'మీ అర్జీ పరిష్కరించబడింది.'

బెదిరింపు ఉత్తరం పరిష్కరించబడిన మనిషిని నా సర్వీసులో ఒక్కణ్ణే చూశాను. బందరు వచ్చేదాకా బస్సులో నాలో నేను నవ్వుకుంటూనే ఉన్నాను. పక్క సీటావిడ ఒకసారి చూసి, సంచీ దగ్గరికి లాక్కుంది.

మొదటి రిపోర్టు

జైల్లో నాంచారయ్యని కలిశాను. బక్కపలచటి మనిషి, చొక్కా పై గుండీ కూడా పెట్టుకుని కూర్చున్నాడు.

"మేడంగారూ, నాకు ఎవర్నీ చంపాలని లేదండి. పొగ రావాలి, అధికారులు ఉలిక్కిపడాలి, అంతేనండి. ఆ మూల ఎవ్వరూ లేరండి. ఖాళీ చూసే పెట్టానండి. ఆ పెద్దావిడ తర్వాత వచ్చి కూర్చుందేమో, నాకు తెలీదండి."

"నిపుణుడు అలా చెప్పలేదు కదా? నాలుగు బెంచీలన్నాడు."

"నా చేతికి అంత పని వస్తే నేను మోటార్లెందుకు బాగుచేసుకుంటానండి?"

నమ్మాను. నమ్మకపోవడానికి కారణం కనిపించలేదు. పులి పక్కన ఆ మొహం, చనిపోయిన ఉపాధ్యక్షుడు, ట్రంకుపెట్టె. ఇవన్నీ చూశాక నా కళ్లకి అతను బాంబు పెట్టినవాడిలా కాక, బాంబు పెట్టి కూడా పట్టించుకోబడని మనిషిలా కనిపించాడు. పద్నాలుగు పేజీల రిపోర్టు రాశాను. నా సర్వీసులో అంత బాగా రాసింది లేదు. ఆఫీసులో భోజనాల వేళ చదివి వినిపిస్తే, పక్క సెక్షన్ వాళ్లు కూడా బాక్సులు పట్టుకుని వచ్చి విన్నారు. మా సూపరింటెండెంటుకి పొలమారింది. చివరి వాక్యం 'ఇతని వల్ల సమాజమునకు ప్రమాదము కంటే వినోదమే ఎక్కువ' అని పెట్టి, మళ్లీ బుద్ధి వచ్చి ఆ ఒక్క వాక్యం కొట్టేశాను. మిగతాదంతా అదే అర్థం.

మంగళవారం కోర్టుకి ఇవ్వాలి.

భోజనాల దగ్గర

ఆదివారం మా పిన్నికొడుకు డేవిడ్ కొత్తింటి ప్రార్థన. గుడివాడ నుంచి ముదినేపల్లి వెళ్లే దారిలో, జిల్లా హద్దుకి కాస్త ఇవతల వాళ్ల ఊరు. ప్రార్థన అయ్యాక పందిట్లో భోజనాలు. బంధువులు నా చుట్టూ చేరారు.

"అక్కా, ఆ క్యారేజీ బాంబు కేసు నీ దగ్గరికే వచ్చిందంటగా? చెప్పక్కా," అన్నాడు డేవిడ్.

ఇలాంటివి బయట చెప్పకూడదు. కొత్తగా చేరినవాళ్లు ఇది గుర్తు పెట్టుకోండి. నేను పెట్టుకోలేదు. పులి ఫొటో చెప్పాను. పార్లమెంటు చెప్పాను. మహిళా విభాగం చెప్పాను. పందిరి ఊగిపోయేలా నవ్వారు. 'పరిష్కరించబడింది' దగ్గరికి వచ్చేసరికి వడ్డించేవాళ్లు కూడా గరిటెలు ఆపేశారు.

వరస చివర ఒక ముసలావిడ నవ్వడం లేదు. ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని, ఒక కాలు ఎదురుగా ఇంకో కుర్చీ మీద చాపుకుని, అన్నం కలుపుతోంది. చెవుడేమో అనుకుని, ఆవిడ కోసం గొంతు పెంచి ఇంకోసారి చెప్పాను. దేవుడు క్షమించాలి.

"వినిపించింది తల్లీ," అంది ఆవిడ. "నేను ఆ క్యారేజీ పెట్టిన బల్ల మీదే కూర్చున్నాను."

డేవిడ్ నా చెవిలో అన్నాడు. "మా వీధే అక్కా. రాహేలు పెద్దమ్మ. నీకు తెలుసనుకున్నా."

నాకు తెలియదు. నా దగ్గర సాక్షుల జాబితా ఉంది. అందులో ఆవిడ పేరు 'రాహులమ్మ'. రేషన్ కార్డులో అలా పడింది. ఆ తప్పు దిద్దమని అర్జీ ఇవ్వడానికే ఆవిడ ఆ సోమవారం గుడివాడ వెళ్లింది. జాబితాలో ఉన్న ఊరు కూడా నేను చదవలేదు. నేను వెళ్లాల్సింది ముద్దాయి ఇంటికి కదా, సాక్షి ఇంటితో నాకేం పని అనుకున్నాను.

నేను లేచి వెళ్లి ఆవిడ పక్కన కూర్చున్నాను. ఏమనాలో తెలియక, "అతను మిమ్మల్ని చూడలేదంటున్నాడండీ. ఆ మూల ఖాళీగా ఉందనే పెట్టాడంట," అన్నాను.

రాహేలమ్మ తినడం ఆపింది. "చూడకపోవడమేంటి? నా పక్కనే కూర్చున్నాడుగా."

"మీ పక్కనా?"

"పావుగంట కూర్చున్నాడు. మనిషి మర్యాదస్తుడిలా ఉన్నాడని, 'నాయనా, నాకు చదువు రాదు, ఇందులో నా పేరు సరిగ్గా రాశారో లేదో చూడు' అని అర్జీ ఇచ్చాను. చదివాడు. 'ల'కి దీర్ఘం పెట్టారమ్మా, అక్కర్లేదు అన్నాడు. జేబులోంచి ఎర్ర పెన్ను తీసి దిద్దాడు. 'నంబరెంత?' అన్నాడు. చీటీ చూపించాను. 'కూర్చోమ్మా, ఇప్పుడే పిలుస్తారు' అన్నాడు. క్యారేజీని కాలితో కాస్త లోపలికి నెట్టి వెళ్లిపోయాడు. అన్నం మర్చిపోతున్నావు నాయనా అని కేక కూడా వేశాను."

"ఇది కోర్టులో చెప్పలేదేమండీ?"

"పొగ చూశావా అన్నారు, చూశానన్నాను. కాలు కాలిందా అన్నారు, కాలిందన్నాను. దిగిపో అన్నారు, దిగిపోయాను. ముందేం జరిగిందని ఎవరడిగారు?"

కోడలు వచ్చి ఆవిడకి పెరుగు వడ్డించింది. రాహేలమ్మ నా మొహంలోకి చూసి, మెల్లగా అడిగింది. "అయితే ఆ పులి ఫొటో నిజమేనా?"

"నిజమేనండీ."

"నవ్వొచ్చేదే," అంది. అన్నది గానీ నవ్వలేదు.

నంబరు పిలుస్తారనుకున్నాడు

సోమవారం ఉదయమే జైలుకి వెళ్లాను. నాంచారయ్య వచ్చి కూర్చున్నాడు.

"రాహేలమ్మ గారిని కలిశాను," అన్నాను.

అతను తల ఎత్తకుండానే, "కాలు ఎలా ఉందండి ఆవిడకి?" అన్నాడు.

"ఆవిడ అక్కడ ఉన్నట్టు మీకు తెలుసు."

"తెలుసండి."

"లేచి వెళ్లమని ఎందుకు చెప్పలేదు?"

"చెబితే అనుమానం వస్తదండి." నోట్లోంచి వచ్చాక, ఆ మాట అతనికే వినిపించినట్టుంది. గబగబా అన్నాడు. "ఆవిడ నంబరు దగ్గరలోనే ఉందండి. ఇంకో ఇద్దరో ముగ్గురో. ఈలోపు పిలుస్తారు, లోపలికి వెళ్లిపోద్దిలే అనుకున్నానండి."

ఆ ఆఫీసు ఒక్కసారైనా చెప్పిన టైముకి చెప్పిన పని చేసిందని నాంచారయ్య జీవితంలో నమ్మలేదు. నమ్మలేదు కాబట్టే బాంబు పట్టుకెళ్లాడు. అలాంటి మనిషి, ఒక ముసలావిడ ప్రాణం మాత్రం ఆ ఆఫీసు టైముకి పిలుస్తుందన్న నమ్మకం మీద వదిలి వచ్చాడు. చుట్టుపక్కల బెంచీలవాళ్ల సంగతి నేను అడగనూ లేదు, అతను చెప్పనూ లేదు.

"పిలవకపోతే?" అన్నాను.

చాలామంది దొంగలూ హంతకులూ నా ఎదురుగా కూర్చుని ఏడ్చారు. ఇతను ఏడవలేదు. చొక్కా గుండీ పట్టుకుని తిప్పుతూ కూర్చున్నాడు. ఇంటికొచ్చాక నాకే కాస్త ఏడుపొచ్చింది. అతని కోసమని చెప్పలేను. పద్నాలుగు పేజీలు రాసుకుని మురిసిపోయాను కదా, అందుకు.

కొత్తవాళ్లకి చెప్పేది ఇదే. ముద్దాయి రాక్షసుడని టీవీ చెప్పింది, అది అబద్ధం. ఆ అబద్ధాన్ని ఒక్కొక్కటే విప్పుతుంటే మనకి మహా సరదాగా ఉంటుంది. టీవీది తప్పు కాబట్టి మనది ఒప్పు అనిపిస్తుంది. నవ్వు పుట్టించే మనిషి ప్రమాదకరం కాదని మనసు ఊరికే అనేసుకుంటుంది. నాంచారయ్య తెలివితక్కువవాడే, ఊరి కోసం నిజంగా తిరిగినవాడే, ఆఫీసులు అతన్ని నిజంగా మోసం చేశాయి. ఇవన్నీ అయ్యుండి కూడా, పేరు తెలిసిన మనిషిని బాంబు మీద కూర్చోబెట్టి వచ్చాడు.

రెండో రిపోర్టు

రెండోది ఆరు పేజీలు. పైపు రాని సంగతి, మెసేజ్‌ల సంగతి, ట్రంకుపెట్టె, అన్నీ రాశాను. బ్యాంకాక్ ఒక్క వాక్యంలో. రాహేలమ్మ గారు చెప్పింది ఆవిడ మాటల్లోనే రాశాను. జైల్లో అతను చెప్పింది అతని మాటల్లో రాశాను. ఎవరికీ వినిపించలేదు.

జడ్జి గారు చదివి నన్ను పిలిచారు. "అమ్మా, మొదటి మూడు పేజీల్లో ఒక మనిషున్నాడు, తర్వాత మూడు పేజీల్లో ఇంకొకడున్నాడు. శిక్ష ఎవరికి వేయమంటారు?"

"ఇద్దరి వేలిముద్రలూ ఒకటేనండీ," అన్నాను.

ఆయన నవ్వలేదు. పదేళ్లు వేశారు. అంతకంటే ఎక్కువ వేయవచ్చు. తగ్గించినందుకు కారణంగా ఆ ట్రంకుపెట్టెని చూపించారు, మరీ తగ్గించనందుకు కారణంగా ఆ ఎర్ర పెన్నుని చూపించారు. తీర్పులో ఊరి పైపు సంగతి కూడా రాశారు. పైపు తర్వాతి వేసవికి వచ్చింది. దీన్నించి ఎవరూ ఏ నీతీ తీయొద్దు. నేను తీయబోయి మానేశాను.

వరండాలో వెంకాయమ్మ నా దగ్గరికి వచ్చింది. రిపోర్టులో ఏముందో లాయరు ఆవిడకి చెప్పాడు. నన్ను తిడుతుందనుకున్నాను. సిద్ధంగానే నిలబడ్డాను.

"ఆవిడ ఊరికి ఏ బస్సెక్కాలి?" అంది.

ఒక్కదాన్ని పంపబుద్ధి కాలేదు. అలా చేయాలని రూలు లేదు, చేయకూడదని ఉందేమో కూడా. వెళ్లేముందు డేవిడ్‌తో రాహేలమ్మని అడిగించాను. రమ్మంది. గుడివాడలో బస్సు మారాం. దారంతా వెంకాయమ్మ చేపల చెరువుల్ని చూసి విసుక్కుంటూనే ఉంది. "ఇదేం నీళ్లమ్మా, కదలవు మెదలవు. ఇందులో చేప చేపేనా?" అని పెద్ద గొంతుతో అంటుంటే, ఆ చెరువుల తాలూకు మనుషులు బస్సులోనే ఉన్నారు. ఇద్దరు తగువుకి లేచారు. ఆవిడ ఇద్దరికీ దీటుగా జవాబిచ్చింది.

రాహేలమ్మ అరుగు మీద కూర్చుని ఉంది. బస్సులో అంత మాట్లాడిన మనిషి, గుమ్మం దగ్గర ఆగిపోయింది. నేనే చెప్పబోయాను. వెంకాయమ్మ నా చేయి పట్టుకుని ఆపింది.

"నేను ఆడి తల్లినమ్మా."

రాహేలమ్మ కింది నుంచి పైదాకా చూసింది. "క్షమించమని అడగడానికి వచ్చావా?"

"లేదు. అది ఆడు అడగాలి. అడిగినా నువ్వు చెయ్యాలని లేదు. నీ కాలు చూద్దామని వచ్చాను."

రాహేలమ్మ చీర కుచ్చిళ్లు పైకి తీసి, కాలు అరుగు మీదికి చాపింది. మడమ దగ్గర్నుంచి పిక్కదాకా చర్మం ముడుచుకుపోయి, గులాబీ రంగులో మెరుస్తోంది. వెంకాయమ్మ కింద మట్టిలో కూర్చుని చూసింది. ముట్టుకోలేదు. కళ్లు తిప్పుకోలేదు.

"నొప్పుందా?"

"నొప్పి పోయింది. మబ్బు పడితే దురద."

"రాత్రుళ్లు నిద్ర పడతందా?"

"పడతాది గానీ, ఎవరైనా క్యారేజీ పక్కన పెడితే లేచి అవతలికి పోతాను. పోయిన నెల మా మనవడి బాక్సుకి భయపడి పొలం గట్టు దిగిపోయాను. అందరూ నవ్వారు."

"నవ్వే ఉంటార్లే," అంది వెంకాయమ్మ.

అప్పుడు రాహేలమ్మ కాస్త పక్కకి జరిగి, అరుగు మీద చోటు చూపించింది. వెంకాయమ్మ లేచి వెళ్లి కూర్చుంది. నాకు చోటు లేదు. నేను నిలబడే ఉన్నాను.